చెవిగారి కారు

మా బావని ఊళ్లో సగంమంది చెవిగారు అంటారు. పెట్టినవాళ్లు ఆ పేరు గౌరవంతోనే పెట్టారు. ఎగతాళి బాధ్యత మాత్రం నేను తీసుకున్నాను, బావమరిదిని కాబట్టి. ఆ బాధ్యతలో ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు.

బావ నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. రోడ్డు కింద పైపు ఎక్కడ చిల్లుపడిందో కనిపెట్టడం ఆయన పని. పొద్దున్నే, బస్సులు తిరగడం మొదలుపెట్టక ముందే, చేతికర్రంత పొడుగున్న ఇనుప కడ్డీ పట్టుకుని బయల్దేరేవాడు. దాని ఒక కొస రోడ్డు మీద ఆనించేవాడు. రెండో కొసకి చిన్న గిన్నెలా చెక్కిన చెక్క ఉండేది. దానికి చెవి పెట్టి, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. నాలుగు అడుగులు వేసి మళ్లీ అదే పని. చివరికి జేబులోంచి సుద్దముక్క తీసి ఇంటూ గుర్తు పెట్టేవాడు. తవ్వేవాళ్లు అక్కడ తవ్వితే అక్కడే నీళ్లు ఉండేవి.

ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు మ్యాపు పరిచి, గుర్తుకి పదడుగుల అవతల తవ్వమన్నాడట. బావ నోరు మెదపలేదు. తవ్వేవాళ్లూ పై అధికారి చెప్పాడు కదా అని నడుం లోతు తవ్వారు. అంతా పొడి మట్టే. "నీళ్లు లేవని తెలిసీ తవ్వేవాడి మొహం ఒకలా ఉంటుందిరా, అది చూడాలి," అని బావ ఈ కథ చెప్పినప్పుడల్లా పడీపడీ నవ్వేవాడు. నెలకి రెండుసార్లు చెప్పేవాడు. మా పిల్లలు దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పగలరు.

రిటైరయ్యాక ఆయన ప్రేమంతా కారు మీద పడింది. అది ఇరవై మూడేళ్ల కారు. కొన్నప్పుడు నీలం. ఇప్పుడు దాని రంగేమిటని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే బావ బానెట్ ఎత్తి, పాత బనియను గుడ్డతో ఇంజన్ తుడిచేవాడు. పైపైన కాదు, సందుల్లోకి వేళ్లు పోనిచ్చి మరీ తుడిచేవాడు. అక్క వంటగది కిటికీలోంచి చూసి, "నా స్టవ్వుకి ఏనాడైనా ఆ భాగ్యం కలిగిందా?" అనేది. బావ వినిపించుకోనట్టే ఉండేవాడు.

ఆ కారుకి ఏడాదిగా ఒక జబ్బు పట్టుకుంది. ఇంజన్ వేడెక్కకుండా లోపల తిరిగే ఆకుపచ్చ నీళ్లు, అదే కూలెంటు, వారం వారం తగ్గిపోయేది. డబ్బాలో పై గీత దాకా పోస్తే వారం తిరిగేసరికి కింది గీతకి కూడా అందేది కాదు. కారు కింద నేల మాత్రం పొడిగా ఉండేది. అంత నీరూ ఎక్కడికి పోతోందో దేవుడికే ఎరుక.

"మెకానిక్కుకి చూపించు బావా," అన్నాను.

"ఊరంతటి పైపుల్లో చిల్లులు పట్టినవాణ్ణి. నా సొంత కారులో చిల్లు ఇంకొకడి చేత పట్టించుకోవాలా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

అటక మీంచి కడ్డీ దిగింది. ఇక రోజూ తుడవడం అయ్యాక ఇంజన్‌కి కడ్డీ ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. వారాలు గడిచాయి గానీ ఏమీ దొరకలేదు. "దీని చిల్లు గడుసుది," అనేవాడు.

నాకు అనుమానం వేరేచోట మొదలైంది. ఒక ఆదివారం, నా ఫొటో ఫ్రేముల కొట్టు మూసి వాళ్లింటికి వెళ్లి బెల్లు కొట్టాను. బావ తలుపు పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కిటికీలోంచి నాకు ఆయన బట్టతల కనిపిస్తూనే ఉంది. మూడుసార్లు కొట్టాను. పెరట్లోంచి అక్క తడి చేతులతో పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది. బావ తలెత్తి, "ఎప్పుడొచ్చావురా, చెప్పాపెట్టకుండా?" అన్నాడు. ఆ పూటే, అక్క మళ్లీ పెరట్లో ఉండగా, కుక్కరు ఆయన వెనకే ఎనిమిది కూతలు కూసింది. నేను వెళ్లి స్టవ్వు ఆపాను. అక్క వచ్చి నా మొహం చూసింది, నేను అక్క మొహం చూశాను. ఇద్దరం చూపులు తిప్పుకున్నాం.

బావకి చెవులు మందగిస్తున్నాయి. దేన్నైనా నవ్వులాట చేసేవాణ్ణి, ఈ ఒక్కదాన్ని మాత్రం చెయ్యలేకపోయాను. చెవిగారికి చెవులు లేవని ఆయన మొహం మీద ఎలా అంటాం? ముప్పై ఒక్క ఏళ్లు ఆయన తలెత్తుకు తిరిగింది ఆ రెండు చెవుల మీదే. ఆ చిల్లు ఎంతకాలం దొరకకపోయినా ఫరవాలేదు, ఆయనకి ఈ సంగతి తెలియకుండా ఉంటే చాలనిపించింది నాకు.

అక్కకి అలా అనిపించలేదు. ఓ రోజు కూరగాయలకి వెళ్లొస్తుంటే వంతెన మీద కారు బుసలు కొట్టి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. వెనకున్న బండ్లన్నీ ఒకటే హారన్లు. అక్క సంచీ తీసుకుని, బావకేసి తిరిగి చూడకుండా ఇంటికి నడిచి వచ్చేసింది. "ఆ చిల్లు దొరికేదాకా నేను ఆ కారెక్కను. రేపు మెకానిక్కు వస్తోంది," అని బావ ఎదురుగా నిలబడి, ప్రతి మాటా విడదీసి చెప్పింది.

మర్నాడు పది గంటలకి స్కూటరు మీద పనిముట్ల పెట్టెతో ఒక అమ్మాయి దిగింది. ముప్పై ఏళ్లుంటాయి, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచింది. బావని చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"మీరు చెవిగారు కదూ! మా నాన్న మీ దగ్గరే తవ్వేవారు సార్. మీరు సుద్ద గీశారంటే కళ్లు మూసుకుని గునపం దింపేవాణ్ణని ఇప్పటికీ చెప్తుంటారు."

బావ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నేను అక్కకేసి చూశాను.

ఆ అమ్మాయి చల్లారిన ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూసి, రేడియేటరు మూత తీసి, ఆ మూతి మీద ఒక చేతిపంపు బిగించింది. పంపుకి గడియారంలాంటి గేజీ ఉంది.

"నేను గాలి కొడతాను సార్. లోపల ఒత్తిడి పెరిగితే చిల్లులోంచి బుస్సుమంటుంది. నా దగ్గర సబ్బు నీళ్లున్నాయి, బుడగలు చూసి పట్టొచ్చు. కానీ మీరుండగా సబ్బు నీళ్లెందుకు? మీరు వినండి, ఎక్కడంటే అక్కడ విప్పుతాను."

నాలుగు దెబ్బలు కొట్టగానే గేజీలో ముల్లు లేచింది. లేచి, మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. ఇంజన్ వెనక ఎక్కణ్ణించో 'స్స్‌స్' అని చప్పుడు. నాకు వినపడింది. అక్కకి వినపడింది. గోడ మీది పక్కింటి పిల్లి కూడా చెవులు రిక్కించింది.

బావ కడ్డీ ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒకచోట, మరోచోట, ఇంకోచోట. ముల్లు పడిపోయినప్పుడల్లా ఆ అమ్మాయి మళ్లీ గాలి కొడుతోంది. బావ నుదుటి మీద చెమట పట్టింది. చాలాసేపటికి సుద్దముక్క తీసి, ముందువైపు రేడియేటరు కింద ఉన్న లావుపాటి హోసు మీద ఇంటూ గీశాడు.

చప్పుడు వెనకాల వస్తూనే ఉంది. ఆ అమ్మాయి నాకేసి చూసింది, అక్కకేసి చూసింది. "సరే సార్," అని పంపులో గాలి వదిలి, కింద తట్ట పెట్టి, స్క్రూడ్రైవరు పట్టుకుని వంగింది. చక్కగా ఉన్న పైపుని, కేవలం మర్యాద కోసం, ముగ్గురం కలిసి విప్పించబోతున్నాం.

బావ ఆ అమ్మాయి మొహంలోకి వంగి చూశాడు.

"ఆపమ్మా," అన్నాడు. "ఇంజనీరు తవ్వమన్న రోజు మీ నాన్న మొహం కూడా సరిగ్గా ఇలాగే ఉంది. ఇందాక చప్పుడు వచ్చిందా?"

ఆమె తలూపింది.

"గట్టిగానా?"

"గట్టిగానే సార్," అంది, ఏదో తప్పు తనదే అయినట్టు.

బావ బొటనవేలితో సుద్ద గుర్తు చెరిపేశాడు. "నాకు వినపడలేదు. కొంతకాలంగా ఏదీ సరిగ్గా వినపడటం లేదు," అన్నాడు. ఆ మాట అని కారుకి ఆనుకుని నిలబడిపోయాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లికేసి తిరిగి తుడుచుకున్నాను.

అక్క ముందుకొచ్చి ఆయన చేతిలోంచి కడ్డీ తీసుకుంది. "ఎలా వినాలో చెప్పండి," అని గట్టిగా అంది.

బావ ఆమెకేసి కాసేపు చూశాడు. అంతే, ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం మళ్లీ ఒంట్లోకి వచ్చేసింది.

"అలా నొక్కి పెట్టకు, ఊరికే ఆనించు. చెవి చెక్కకి అంటుకోవాలి. ఊపిరి తియ్యకు. చప్పుడు గట్టిగా ఉంది కదా అని మోసపోకు, పదును చూడు. దూరంగా ఉంటే గరగరమంటుంది. దగ్గరికొచ్చేకొద్దీ సన్నబడి సూదిలా వస్తుంది."

మళ్లీ గాలి కొట్టారు. అక్క కళ్లు మూసుకుంది. "ఇక్కడ గరగర... ఇక్కడా గరగరే..." అంటూ వెనక్కి జరిగింది. చటుక్కున మొహం చిట్లించి, "అబ్బ! చెవిలో గుచ్చినట్టుంది!" అంది.

"అదే!" అని బావ అరిచి సుద్దముక్క అందించాడు. అక్క గీసిన ఇంటూ గుర్తు సగం ఇంజన్ని ఆక్రమించింది.

మెకానిక్కు టార్చి వేసి, చిన్న అద్దం లోపలికి పెట్టి చూసింది. కారు లోపలికి వెచ్చటి గాలి కోసం వెళ్లే సన్నటి హోసు, దాని క్లిప్పు అడుగున వెంట్రుకంత చీలిక. "ఇంజన్ వేడికి కారింది కారినట్టే ఆవిరైపోతోంది సార్, అందుకే నేల పొడిగా ఉంది. మామూలుగా అయితే ఆరిన చోట పచ్చగా చార కడుతుంది. అది ఉంటే నేనైనా మీరైనా చూడగానే పట్టేద్దుం," అంది. తర్వాత ఇంజన్ మొత్తం ఒకసారి చూసి, "ఇంత శుభ్రమైన ఇంజన్ నా సర్వీసులో చూడలేదు," అంది.

అక్క చూపు బనియను గుడ్డ మీదికి వెళ్లింది.

"బావా, ఏడాదిగా దొంగ అడుగుజాడలు తుడిచిపెడుతున్నది నువ్వేనన్నమాట," అన్నాను. ఈసారి ఆయన నా నోటి కదలికలే చూస్తున్నాడు, ఒక్క ముక్క పోనివ్వలేదు. గుడ్డ నా మొహాన విసిరాడు.

పాత హోసు పోయి కొత్తది వచ్చింది, క్లిప్పులు రెండూ కొత్తవి వేసింది. మళ్లీ గాలి కొట్టింది. నలుగురం గేజీ చుట్టూ నిలబడ్డాం. పది నిమిషాలైనా ముల్లు కదల్లేదు. కూలెంటు నింపి, ఇంజన్ తిప్పి, లోపలి గాలి బయటికి పంపాక ఆ అమ్మాయి మూత బిగించింది. వెళ్లేముందు బావ చెయ్యి పట్టుకుని, "నాన్నకి చెప్తాను సార్, చెవిగారు పని నేర్పిస్తుంటే చూశానని," అంది.

మెట్ల మీద అక్క పక్కన బావ కూలబడ్డాడు. రేపు పది గంటలకి చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామని, కారెక్కడానికి తనకి ఏ అభ్యంతరమూ లేదని అక్క చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. అక్కకేసి తిరిగి అడిగాడు.

"నీకు ఎప్పణ్ణించి తెలుసు?"

"ఏడాదిగా."

బావ మొహం చిన్నబోయింది. "ఏడాదిగా తెలిసి కూడా, నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

అక్క లేచి, ఆయన కుడివైపుకి వచ్చి కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టింది.

"చెప్పానండీ," అంది. "మూడుసార్లు చెప్పాను."