ధైర్యానికి పూర్తి మార్కులు

మా ఆవిడ మోకాలి ఆపరేషన్ కోసం దాచిన డిపాజిట్ గడువు తీరితే, ఈమధ్య ఇద్దరం హన్మకొండలో బ్యాంకుకు వెళ్లాం. మళ్లీ అందులోనే వేయమని చెప్పి రావడమే పని. కానీ అక్కడి కుర్ర ఆఫీసరు కుర్చీలు లాగి కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. బ్యాంకులో అడక్కుండా నీళ్లొచ్చాయంటే ఏదో అమ్మబోతున్నారని అప్పుడే గ్రహించాల్సింది.

"సార్, ఫండ్స్‌ల పెడితే మంచిగ పెరుగుతయ్. ముందు మీరెంత రిస్కు తట్టుకుంటరో చూద్దాం. జర ఈ ప్రశ్నలకు టిక్కులు పెట్టుండ్రి" అని ఒక కాగితం చేతికిచ్చాడు.

నా స్వభావం ఏమిటో తెలుసుకుందామని ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. ఇంతవరకూ తేలలేదు. ఒక్క కాగితంతో తేలిపోతుందంటే ఎవరికి చేదు?

పెట్టుబడి విలువ ఒక్కసారిగా పడిపోతే ఏం చేస్తారన్నది మొదటి ప్రశ్న. భయపడి అమ్మేస్తాను, ఆగి చూస్తాను, ఇంకా కొంటాను. వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ప్రశ్నపత్రం కనబడితే సరైన జవాబు వెతకడం నాకు అలవాటు. రైల్వేలో ప్రమోషన్ పరీక్షలన్నీ అలాగే గట్టెక్కాను. భయపడతానని రాస్తే ఎవరైనా మార్కులేస్తారా? "ఇంకా కొంటాను" దగ్గర టిక్కు పెట్టాను. మిగతావీ అదే ఊపులో కానిచ్చాను. కాజీపేటలో రైలెక్కాలంటే గంట ముందే వెళ్లి ప్లాట్‌ఫాం మీద కూర్చునే మనిషిని నేను.

ఆఫీసరు మార్కులు కూడి మురిసిపోయాడు. "సార్, మీకు హైయెస్ట్ వచ్చింది! మీ వయసోళ్లల్ల ఇంత ధైర్యం నేనెక్కడ చూడలే."

నేను కొంచెం నిటారుగా కూర్చుని, సంతకానికి పెన్ను తీశాను.

"జర ఆగుండ్రి" అంది మా ఆవిడ. ఆఫీసరు వైపు తిరిగి, "బిడ్డా, ఎండకాలం అయినంక ఆపరేషన్ అన్నడు డాక్టరు. అప్పటిదాంక ఈ పైసలు తక్కువ గాకుంట ఉంటయా?" అని అడిగింది.

"గ్యారంటీ ఇయ్యలేం ఆంటీ. కానీ సార్‌కు తట్టుకునే శక్తి ఉంది గద!"

"మోకాలు నాది గద బిడ్డా. ఈయన తట్టుకుంటే నాకేం ఫాయిదా?"

ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మోకాలు ఎవరిదన్న ప్రశ్న అందులో లేదు.

"ఇందుల తప్పులు ఒప్పులు ఉండయ్ సార్, కావాల్నంటే మల్ల నింపుండ్రి" అన్నాడు, నా మార్కుల మీద నీళ్లు చల్లుతూ.

నింపలేదు. డబ్బు మళ్లీ డిపాజిట్‌లోనే వేశాం, ఈసారి ఆమె పేరు మీద. మెట్లు దిగేటప్పుడు ఆమె నా భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనిస్తూ దిగింది.

"మెల్లగ నడువుండ్రి" అంది. "ఫస్టు వచ్చిండ్రని ఉరుకుతాండ్రా?"