చెంబెడు నీళ్ళ జ్ఞానస్నానం

మొన్న ఆదివారం విజయవాడలో మా పక్కింటివాళ్ళ మనవడి జ్ఞానస్నానానికి వెళ్తే, ముందుగా తల్లిదండ్రులకు గుడి హాల్లో గంటసేపు క్లాసు పెట్టారండీ. గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ క్లాసు చెప్పే కుర్రాడు బాగానే చెప్పాడు గానీ, పసిబిడ్డకు ప్రాణం మీదికొచ్చి, ఫాదరుగారు అందుబాటులో లేకపోతే ఎవరైనా నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వొచ్చన్న ముక్క మాత్రం చెప్పలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను. ఇప్పుడు అన్నిచోట్లా ఆస్పత్రులున్నాయి కదండీ మామ్మగారూ అన్నాడు. నిజమే, కాదనను. కానీ ఇంటికొచ్చాక కూడా నా మనసు చల్లపల్లి దగ్గరున్న మా అత్తవారి ఊళ్ళోనే తిరుగుతూ ఉండిపోయింది.

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను కోడలిగా వెళ్ళేనాటికి ఆ ఊరి గుడికి ఫాదరుగారు నెలకొక్కసారి, అదీ దారి బాగుంటే, మోటారు సైకిలు మీద వచ్చేవారు. మిగిలిన ఆదివారాలన్నీ మా మామగారివే. ఆయన ఉపదేశి, అంటే ఒకపక్క పొలం చేసుకుంటూనే గుడి గంట కొట్టి, ప్రార్థన నడిపి, పిల్లలకు జపాలు నేర్పి, పోయినవాళ్ళను సాగనంపే సంసారి. మా అత్తగారు ఊళ్ళో కాన్పులు చూసేవారు. ఫాదరుగారి కంటే ఆవిడకే ఊరు ఎక్కువ భయపడేది, నాతో సహా.

ఒక వానాకాలం, కాలవలు పొంగి దారులు మునిగిన రోజుల్లో, మా తోటికోడలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మామగారేమో ఉపదేశుల సమావేశానికని వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఆడపిల్ల పుట్టింది, ఇంతంటే ఇంత పిల్ల, ఒళ్ళంతా నీలం, ఏడుపు లేదు. అత్తగారు బిడ్డ వీపు రుద్దుతూ నావైపు చూసి, అట్లా నిలబడ్డావేమే, నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వు అని కేకేశారు.

నాకున్న అనుభవమెంతని? చిన్నప్పుడు విజయవాడలో జ్ఞానోపదేశం చెప్పే సిస్టరుగారు ఒక కొండపల్లి బొమ్మ తెచ్చి, దాని నెత్తిన మా అందరిచేతా వరసగా నీళ్ళు పోయించేవారు. బొమ్మకు పేరు పెట్టాలి గనక ఎవరి పేరు వాళ్ళం పెట్టేవాళ్ళం, నెల తిరిగేసరికి పాపం ఆ బొమ్మ రంగంతా వెలిసిపోయింది. ఆ చదువే నాకు దిక్కయింది. చెంబు ఎత్తి, ఆ కాస్త తల మీద నీళ్ళు వంచుతూ, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను అని గబగబా చెప్పేశాను. పేరు దగ్గర నోటికి అలవాటైనదే వచ్చింది, నా పేరు! చన్నీళ్ళు తగిలే ఏడ్చిందో, దేవుడే కరుణించాడో గానీ పిల్ల కెవ్వుమంది. నేను అక్కడే కూలబడి అంతకంటే గట్టిగా ఏడ్చాను.

పిల్ల తేరుకున్నాక మొదలైంది అసలు పేచీ. అత్తగారు, పోయిన తన తల్లి పేరు పెట్టుకోవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారట. జ్ఞానస్నానం రెండోసారి ఇవ్వకూడదాయె. కొత్త కోడలు తన పేరు తనే నిలబెట్టుకుందని వీధి వీధంతా నవ్వింది. మామగారు వచ్చీరాగానే నన్ను నిలబెట్టి, నీళ్ళు తల మీదే పారాయా, మాటలన్నీ వరసగా పలికావా అని ఆరా తీశారు. దాంతో నాకు కొత్త భయం పట్టుకుంది. ఆ కంగారులో ఏ మాటైనా మింగేసి ఉంటే, నేనిచ్చింది చెల్లకపోతే ఆ పసిదాని గతేమిటి? ఫాదరుగారు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు.

ఆయన వచ్చి, నాచేత అంతా మళ్ళీ చెప్పించుకుని, హాయిగా నవ్వి, ఈ అమ్మాయి ఇచ్చిందే జ్ఞానస్నానం, నేను మళ్ళీ ఇవ్వక్కర్లేదు అన్నారు. తైలం పూసి మిగతా తంతు జరిపి, పిల్లను నా పేరుతోనే పిలిచారు. అత్తగారు నన్ను ఒక్క మాట మెచ్చుకుంటే ఒట్టు. కానీ ఆ తరవాత ఏ ఇంట్లో కాన్పుకు కబురొచ్చినా, చెప్పులేసుకుంటూ నావైపు చూసి, పద అనేవారు. ఆ ఒక్క మాటకి నాకు ఎంత గర్వంగా ఉండేదో!

ఇప్పుడు మా గుడికి ఇద్దరు ఫాదర్లున్నారు, ఆదివారం మూడు పూజలు, ఫ్యాన్లు, మైకులు, అన్నీ అమరాయి, సంతోషమే. ఫాదరుగారు దూరంగా ఉన్న ఆ రోజుల్లో మాత్రం దేవుడి పని ఎదురుగా ఎవరుంటే వాళ్ళ చేతిలో పడేది, చేతనైనా కాకపోయినా చెయ్యాల్సిందే. ఈనాటికీ పూజకు కాస్త ముందే వెళ్ళి, ఎవరైనా ఏదైనా పని చెప్తారేమోనని గుమ్మం దగ్గరే నిలబడతాను. పిల్లలు మర్యాద తెలిసినవాళ్ళు, పరిగెత్తుకొచ్చి కుర్చీ వేసి, మామ్మగారూ, మీరు కూర్చోండి అంటారు.