పది ఊపిర్లు

లైన్‌మన్ మునిరత్నం స్తంభం ఎక్కే ముందు, నడుముకు తాడు బిగించుకుని, స్తంభం మొదట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని కళ్లు మూస్తాడు. సత్యవేడులో ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే టీ అంగడి నడిపే రంజాన్‌బీకి అదేమిటో అంతుబట్టేది కాదు. పెదవులు కదలవు, ప్రార్థన కాదు. నడుము వాలదు, కునుకూ కాదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. "బుద్ధుడి ధ్యానమక్కా. పది ఊపిర్లు లెక్కపెడతా. నడమ మనసు యాడికన్నా పోతే మళ్లా ఒకటి నుంచి," అన్నాడు. అప్పటినుంచి అతని ఛాతీ చూస్తూ తనూ లెక్కపెట్టడం ఆమెకు అలవాటైంది.

ఆ వేసవిలో కరెంటు తీగ తెగి మోటరు ఆగి, చెంగల్రాయుడి వేరుశనగ చేనుకు నీళ్లాగిపోయాయి. "స్విచ్చి దించినావు గదప్పా, ఎక్కు. పైరు మాడిపోతా ఉంటే ఈ కూర్చునేదేంది?" అంటూ చెంగల్రాయుడు మీదికొచ్చాడు. మునిరత్నం కూర్చున్నాడు. ఆరో ఊపిరికి కళ్లు తెరిచి, లేచి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చికి వేయడం మరిచిన తాళం వేసొచ్చాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. చెంగల్రాయుడు తల కొట్టుకున్నాడు. మునిరత్నం పైన తీగ ముడివేస్తుండగా, పక్కచేను రైతొకడు కరెంటు లేదని వచ్చి స్విచ్చి పిడి పైకి గుంజాడు. అది కదల్లేదు. "ఈడ బీగమేసిందెవురబ్బా?" అన్నాడు. చెంగల్రాయుడు తలెత్తి పైకి చూశాడు.

దిగివచ్చి సంగతి విన్న మునిరత్నం మళ్లీ అక్కడే కూర్చున్నాడు. రంజాన్‌బీ అతని టీ మీద మూత పెట్టింది. ఆరోజు పది దాకా చేరడానికి అతనికి చాలాసేపు పట్టింది.