402కి తూర్పు ఎటువైపు?

2004, ఎండలు ఇంకా ముదరని మార్చి. ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడ ఖాళీగా కనిపిస్తే చాలు, తెల్లారేసరికి దాని మీద ఏదో ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు వెలిసేది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఇల్లంటూ ఉంటే అది హాస్టలైనా అయ్యేది, ఇన్‌స్టిట్యూటైనా అయ్యేది. నా ఆఫీసు పంజాగుట్టలో, ఒక టిఫిన్ సెంటర్ పై గదిలో ఉండేది. నేను సివిల్ ఇంజనీర్ని. బ్యాంకుల తరఫున ఇళ్ళకు విలువ కట్టే వాల్యుయర్‌ని. ఎవరైనా ఇంటి లోను అడిగితే బ్యాంకు ఇద్దరికి పని చెబుతుంది. దస్తావేజులు చదివి లీగల్ ఒపీనియన్ రాసేది లాయరు. ఇంటికి వెళ్ళి కొలిచి, ఇది ఫలానా ఇల్లే, ఇంత చేస్తుంది అని రాసిచ్చేది వాల్యుయరు. లాయరు ఇల్లు చూడడు. మాలో చాలామంది కాగితాలు సరిగా చదవరు. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెంటికీ మధ్య పడిపోయిన ఒక ఫ్లాటు సంగతి.

కొనేది శారద. తెనాలి అమ్మాయి, ముప్పై రెండేళ్ళుంటాయి. మైత్రీవనంలో టెస్టింగ్ కోర్సు చెప్పేది. ముందురోజు తనే ఫోన్ చేసింది.

"సార్, నా మొదటి బ్యాచ్ ఎనిమిదింటికి అయిపోతుందండీ. మళ్ళీ పదింటికి ఇంకోటి. ఆ మధ్యలో రాగలరా? నేనూ అక్కడే ఉంటానండీ."

వాల్యుయేషన్‌కి కొనేవాళ్ళు రావడం అరుదు. అది బ్యాంకు పని, మనకెందుకులే అనుకుంటారు. సరే రమ్మన్నాను.

అమ్మేది ప్రసాదరావు గారు, అమీర్‌పేటలో ఆ ఫ్లాటులోనే ఉంటున్న ఉద్యోగస్తుడు. ఫ్లాటు నాలుగో అంతస్తులో, తలుపు మీద ఇత్తడి అంకెలు 402. ఆ అంతస్తుకి రెండే ఫ్లాట్లు. మధ్యలో కారిడారు, లిఫ్టు. రోడ్డు వైపు ఒకటి, వెనక సందు వైపు ఒకటి. మేమున్నది రోడ్డు వైపుది.

నేను టేపు పట్టుకుని గదులు కొలుస్తుంటే శారద వంటింట్లోంచి కదల్లేదు. అరల మీద చెయ్యి పెట్టి చూసుకుంటోంది. "తొమ్మిదేళ్ళుగా హాస్టల్లో ఉంటున్నానండీ, గదికి నలుగురం. రాత్రి ఎనిమిది దాటాక టీ తాగాలనిపిస్తే వార్డెన్ని బతిమాలుకోవాలి" అంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "బ్యాంకు మిమ్మల్ని పంపిందంటే ఇక నాకు దిగుల్లేదండీ. వాళ్ళే అన్నీ చూసుకుంటారు కదా" అంది. నేను తల ఊపాను. అలా ఊపడం మా వృత్తిలో అందరికీ అలవాటే.

చివరికి బాల్కనీలోకి వచ్చి, సేల్ డీడ్‌లో షెడ్యూల్ తెరిచాను. షెడ్యూల్ అంటే దస్తావేజు చివర ఆస్తి వివరాలూ నాలుగు హద్దులూ రాసే భాగం. 'తూర్పు: కారిడారు, లిఫ్టు. పడమర: ఖాళీ జాగా' అని ఉంది. కాగితం సరిగా కనబడలేదు. ఎండ నేరుగా కళ్ళల్లో కొడుతోంది. కాగితం అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు వెలిగింది. ఉదయం ఎనిమిదిన్నరకి ఎండ బాల్కనీలోంచి వస్తుంటే లిఫ్టు తూర్పున ఎలా ఉంటుంది? లిఫ్టు నా వీపు వెనక ఉంది.

మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను తీసి చూశాను. అందులో 402 వెనకవైపు ఫ్లాటు. రోడ్డు వైపుది 401.

"రావు గారూ, మీరు ఉంటున్నది మీ ఫ్లాటు కాదండీ" అన్నాను.

ఆయన నవ్వారు. "అదాండీ! ఎదురింటి యాదమ్మ గారు ఈ స్థలం ఓనరు. పాత ఇల్లు పడగొట్టి బిల్డరుకిచ్చి, తన వాటాకి ఈ ముందు ఫ్లాటు తీసుకుంది. తీరా గృహప్రవేశానికి సిద్ధమయ్యాక సింహద్వారం పడమరకి ఉందని పట్టుకుంది. మాది తూర్పు వాకిలి. మార్చుకుందామని అడిగింది. నాకు వాస్తు పట్టింపు లేదు, పైగా ముందు వైపు గాలి బాగుంటుంది. సరే అన్నాను."

"మరి కాగితాలు?"

"బిల్డరు ఉన్నాడు కదండీ. అదెంత పని అని, రెండు తలుపుల మీద బోర్డులు తీసి ఇటుదటు, అటుదిటు పెట్టేశాడు. నా దస్తావేజులో 402, నా తలుపు మీద 402. సరిపోయింది కదా!"

ముక్కున వేలేసుకున్నాను. బోర్డు మారిస్తే ఇల్లు మారుతుందా? రిజిస్ట్రేషన్ జరిగేది తలుపు మీద అంకెకి కాదు, నాలుగు హద్దుల మధ్య ఉన్న జాగాకి. శారద డబ్బు కట్టేది ముందు ఫ్లాటుకి, ఆమె చేతికొచ్చే కాగితం వెనక ఫ్లాటుది. యాదమ్మ ఉన్నన్నాళ్ళూ ఎవరూ అడగరు. ఆ తర్వాత ఎవరో ఒకరు కాగితం తీసి, అమ్మా ఇల్లు ఖాళీ చెయ్యమంటారు.

అంతా ఒక్కసారి చూద్దామని రావు గారి ఫైలు తిరగేశాను. ఆయన కొన్నప్పుడు తీసుకున్న లోను తాలూకు వాల్యుయేషన్ రిపోర్టు కాపీ దొరికింది. ఆరేళ్ళ కిందటిది. 'రోడ్డు వైపు బాల్కనీ. హద్దులు స్వయంగా పరిశీలించాను, సరిపోయాయి' అని ఉంది. కింద సంతకం నాది.

ఆ ఇల్లు చూసిన గుర్తే లేదు నాకు. ఆ ఏడాది రోజుకి నాలుగైదు ఇళ్ళు చూసేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం వచ్చి ఉంటాను, గదులు కొలిచి, కాఫీ ఇస్తే తాగి, హద్దులు దస్తావేజులోంచి ఎక్కించుకుని వెళ్ళిపోయి ఉంటాను.

రావు గారూ అది చూశారు. ఆయన గొంతు తగ్గించి, "మీరే అప్పుడు సరిపోయిందన్నారు కదండీ. ఇప్పుడూ అలాగే రాసెయ్యండి. ఆరేళ్ళలో ఏ గొడవైనా వచ్చిందా?" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగానే వినిపించింది. రాసేస్తే ఎవరికీ తెలియదు. వంటింట్లోంచి శారద, "అయిపోయిందాండీ?" అని కేకేసింది. నేను వెళ్ళి హద్దుల సంగతి చెప్పేశాను. పాత రిపోర్టు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

బ్యాంకుకి మాత్రం అన్నీ రాశాను, నా తప్పుతో సహా. మేనేజరు ఫోన్ చేసి, "ఆ పాత విషయం ఎందుకు తవ్వుకున్నారు సార్?" అన్నాడు. తర్వాత చాలాకాలం ఆ బ్రాంచి నుంచి నాకు పని రాలేదు. అది సమంజసమే.

దీనికి మందు ఎక్స్‌చేంజ్ డీడ్. నీది నాకు, నాది నీకు అని ఇద్దరూ రిజిస్ట్రారు ముందు రాసుకునే మార్పిడి దస్తావేజు. సంతకం పెట్టాల్సింది యాదమ్మ. నేనూ శారదా ఎదురింటి తలుపు తట్టాం. డెబ్భై దాటిన మనిషి. మొత్తం విని, "అవ్ బిడ్డా, నేనే అడిగిన. తూర్పు వాకిలి గావాలె అంటిని. గా సారు పాపం కాదనలే. దస్తకత్ యాడ వెట్టాలె చెప్పు, పెడ్త" అంది.

కానీ పక్కనే కొడుకు శ్రీనివాస్ ఉన్నాడు. సందు చివర జిరాక్స్ షాపు అతనిది. "జర ఆగమ్మా" అన్నాడు. "సార్, ముందల ఫ్లాట్‌కి ఇప్పుడు మస్తు గిరాకి. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు డబుల్ కిరాయి ఇస్తరు. కాగితం మీద గా ఫ్లాట్ మాదే అంటున్నరు గదా? ఊకెనే ఎట్ల రాసిస్తం?"

"ఇచ్చిన మాటకు గిరాకి ఏందిరా?" అంది యాదమ్మ.

"నీకు తెల్వదమ్మా."

అక్కడ మొదలైంది సాగతీత. ఒకసారి అక్కను అడగాలన్నాడు, ఒకసారి బావ ఊళ్ళో లేడన్నాడు, ఒకసారి వకీలుకి చూపియ్యాలన్నాడు. శారద బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఆ మెట్లెక్కి దిగింది. రావు గారితో ఆమె రాసుకున్న అగ్రిమెంటు గడువు అరవై రోజులు. అది కాస్తా దాటింది. రావు గారు, "కంగారు పడకండి శారద గారూ, నేనెక్కడికి పోతానండీ" అంటూ వచ్చారు. ఆ మాటని ఆవిడ కాగితం మీద పెట్టించుకోలేదు. మొహమాటం. ఆ మొహమాటం వదిలించాల్సిన వాణ్ణి నేను, నాకూ తట్టలేదు.

మూడో నెలలో ఒక పొద్దున యాదమ్మ నుంచి కబురొచ్చింది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చున్నానని. కొడుకుతో చెప్పకుండా తనే ఆటో మాట్లాడుకుని వచ్చేసింది. దస్తావేజు ఎప్పుడో తయారై ఉంది, రావు గారూ నేనూ పరుగెత్తాం. సబ్ రిజిస్ట్రారు అడిగాడు, "ఇష్టపూర్వకంగానే పెడుతున్నారామ్మా?"

"ఇష్టం లేకుంటె గీడికెందుకొస్త బిడ్డా? మోకాళ్ళు సుత సహకరిస్తలేవు" అంటూ వేలిముద్ర వేసింది. రావు గారు కళ్ళు తుడుచుకున్నారు. చేతులు జోడించి దండం పెట్టారు.

సరిగ్గా పదకొండు రోజులకి ఆయన శారదకి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశారు.

"గడువు ఎప్పుడో అయిపోయిందండీ. ఒక ఇన్‌స్టిట్యూట్ ఆయన ఫ్లాటుకి చాలా ఎక్కువ ఇస్తానంటున్నారు. నాకూ సంసారం ఉంది, మీరే ఆలోచించండి" అన్నారట. ఎంత మర్యాదగా అన్నారో! ఆ తర్వాత దారిలో ఎక్కడ కనబడినా నేను ఆయనకి నమస్కారం పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు.

శారద వెళ్ళి అడిగిన లాయరు, కేసు వేస్తే నిలుస్తుంది, కాకపోతే ఏళ్ళు పడుతుంది అన్నాడు. "ఆరింటికి లేచి పరుగెత్తేదాన్ని, కోర్టు చుట్టూ ఏం తిరుగుతానండీ" అంది శారద. కాగితాలు తీసుకుపోవడానికి మా ఆఫీసుకి వచ్చింది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అసలు ఆ మొదటి రిపోర్టు రాసినాయన సరిగ్గా చూసుంటే అప్పుడే సర్దుకునేది కదండీ. అప్పుడు రేటూ లేదు, గిరాకీ లేదు. ఆయనెవరో గానీ..."

"నేనేనమ్మా."

ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఎంతసేపు చూశారు అప్పుడు?"

"కాఫీ తాగినంతసేపు."

ఫైలు సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. నన్ను తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

ఇల్లు కొనబోయేవాళ్ళు ఎవరైనా అడిగితే ఆ తర్వాత నేను చెబుతూ వచ్చినవి కొన్ని ఉన్నాయి. బ్యాంకు మనిషి చూసేది బ్యాంకు డబ్బు భద్రం కోసం, మీ కోసం కాదు. లోను వచ్చిందంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టే అనుకోకండి. ఒక పొద్దున ఎండ ఉండగా వెళ్ళి, చేతిలో షెడ్యూల్ పట్టుకుని నాలుగు వైపులా తిరగండి. మంజూరైన ప్లానులో మీ నంబరు ఎక్కడుందో వేలు పెట్టి చూసుకోండి. తలుపు మీద అంకెని నమ్మకండి. కాగితాల్లో లోపం బయటపడితే గడువు ఆ లోపం తీరిన రోజు నుంచే లెక్క అని అగ్రిమెంటులో రాయించుకోండి. ఎదుటి మనిషి ఎంత పెద్దమనిషైనా సరే రాయించుకోండి. సంతకం దగ్గర మొహమాటం పనికిరాదు.

ఏడాదిన్నర తర్వాత శారద ఫోన్ చేసింది. రేట్లు అప్పటికి అమీర్‌పేటలో ఆమెకి అందనంత పైకి వెళ్ళిపోయాయి. మూసాపేట లోపల ఎక్కడో ఒంటి పడకగది ఫ్లాటు చూసుకుంది. "మీరొచ్చి చూడాలండీ. బ్యాంకు తరఫున వేరే ఆయన వస్తారు. మీరు నా తరఫున రండి, మీ ఫీజు నేనిస్తాను" అంది. ఫోన్ పెట్టేసే ముందు, "కోపం పోవడానికి ఏడాది పట్టిందండీ" అంది.

వెళ్ళాను. చిన్న ఇల్లు, వంటగది మరీ చిన్నది. ఉదయం ఎండ కిటికీలోంచి పడుతోంది. నేను మధ్య గదిలో నిలబడి హద్దులు పైకి చదివాను. ఆమె దస్తావేజు కాపీ ఒకటి తనూ పట్టుకుని, నేను చదివిన ప్రతి మాట కిందా వేలు జరుపుతూ, ఆ వైపుకి వెళ్ళి తలుపో కిటికీయో తీసి చూసి వచ్చింది. ఉత్తరం అయింది, దక్షిణం అయింది, పడమర అయింది. తూర్పు కూడా చదివేసి కాగితం మడవబోయాను.

"ఆగండి సార్" అంది. "తూర్పు ఇంకోసారి చదవండి."

నేను ఇంకోసారి చదివాను.