నీళ్ళ మంత్రి మారెమ్మ

మారెమ్మ ఆ బడికి నీళ్ళ మంత్రి. కానీ నీళ్ళు ముట్టుకోకూడదు.

కళ్యాణదుర్గం అవతల ఒక ఊరి మిడిల్ స్కూల్లో ఏడాది పొడుగునా నడిచిన అన్యాయం ఇది. ఊరి పేరు చెబితే తప్పంతా ఆ ఒక్క ఊరిదే అనుకొని చుట్టుపక్కల ఊళ్ళు చేతులు దులుపుకుంటాయి. అందుకే పేరు చెప్పకపోవడమే మేలు.

ఆ బడిలో పిల్లలే మంత్రులు. హెడ్మాస్టరు సోమప్ప సారు పెట్టిన పద్ధతి అది. ఆయన రాయదుర్గం వైపు కన్నడం మనిషి. స్వరాజ్యం వచ్చిన దేశంలో ఓటు వేయడం బడిలోనే అలవాటు కావాలని ఆయన పట్టుదల. ఆటలకు ఒక మంత్రి, తోటకు ఒక మంత్రి, శుభ్రతకు ఒకరు, నీళ్ళకు ఒకరు. వేరుశనగ కాయలే ఓట్లు. పోటీలో ఉన్న పిల్లల వెనక ముంతలు పెడతారు, నచ్చిన వాళ్ళ ముంతలో ఒక కాయ వేయాలి. కిందటేడు ఆటల మంత్రి ఓట్లను లెక్క ముగియక ముందే ఎవరో నమిలేశారు, ఎన్నిక మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. నీళ్ళ మంత్రి ఎన్నికలో ఆ తంటా రాలేదు. మారెమ్మ ముంత నిండి కాయలు నేల మీదికి దొర్లాయి.

ఎందుకు అన్ని ఓట్లు పడ్డాయంటే, ఆ బడిలో అందరితోనూ అందరి మాటల్లో మాట్లాడేది ఆమె ఒక్కతే. కన్నడం ఇళ్ళ పిల్లలున్నారు, సాయిబుల వీధి పిల్లలున్నారు, తండా నుంచి నడిచొచ్చే లంబాడీ పిల్లలున్నారు, చర్చి పాటలు కూనిరాగం తీసే పిల్లలున్నారు. ఎవరికి తగాదా వచ్చినా ఒకరి మాట ఇంకొకరికి విడమరచి చెప్పి సర్దేది మారెమ్మే. ఆమె ఇల్లే అలాంటిది. నాయన యేసన్న ఆదివారం చర్చికి పోతాడు. అవ్వేమో ఊరి దేవతకు మొక్కుకొని మనవరాలికి ఆ దేవత పేరే పెట్టింది. ఇద్దరికీ ఎప్పుడూ తగవు రాలేదు.

పిల్లలు ఓట్లు వేసేశారు. మాదిగ గేరి పిల్ల నీళ్ళ మంత్రి అయిందన్న సంగతి పెద్దలకు మరునాడు తెలిసింది. అసలే కరువు. ఊట ఉన్న బావి ఊరందరిలో బయ్యన్నకే ఉంది. ఆయన ఎడ్లబండి మీద పీపా పంపితేనే బడి బానలు నిండేవి. బయ్యన్న బడికి వచ్చి కేకలేమీ వేయలేదు. నవ్వుతూనే చెప్పి పోయాడు: పదవి ఆ పిల్లకే ఉండనీండి, ఎవరు వద్దన్నారు, చెంబు మాత్రం మా బయమ్మ పట్టుకుంటుంది. సోమప్ప సారు తల వంచుకున్నాడు. బండి ఆగితే అంతమంది పిల్లలకు నీళ్ళెక్కడివి?

ఆనాటి నుంచి నీళ్ళ మంత్రి వేపచెట్టు కింద నిలబడి వరుస సరిచేసేది. బయ్యన్న కూతురు బయమ్మ, మారెమ్మ తరగతిదే, బానలో చెంబు ముంచి పోసేది. అందరూ తాగాక మంత్రి దోసిలి పట్టేది. బయమ్మ ఎత్తు నుంచి వంచేది. మోచేతుల మీదుగా కారిపోయినవి కారిపోగా మిగిలినవి గొంతు దిగేవి. బాన అడుగంటిన రోజు అవీ లేవు.

ఇంట్లో ఒక్కసారే అడిగింది, మంత్రి అయితే పని చేయకూడదా నాయనా అని. యేసన్న విత్తనాల కాయలు వొలుస్తూ తలెత్తకుండా నవ్వాడు.

"అంతే మరి. పేరు మంత్రిది, పని ఇంకొకరిది. పెద్ద పెద్ద మంత్రులే అట్ల బతుకుతాండారు, నీకేమి వచ్చె?"

ఆ నవ్వులో నవ్వు లేదని పిల్లకు తెలిసింది. మళ్ళీ అడగలేదు.

అయినా బడి అంటే ఆమెకు ప్రాణం. అక్కడ ప్రతిదీ అబ్బురమే. పొద్దున ప్రార్థన ఒకరోజు తెలుగులో, ఒకరోజు కన్నడంలో ఉండేది. శుక్రవారం మాత్రం జట్కా తోలేవాళ్ళ ఖాదర్‌వలి కళ్ళు మూసుకొని ఉర్దూలో పాడితే, అర్థం కాని పిల్లల ఒళ్ళు కూడా జలదరించేది. తకిలీ తిప్పుతుంటే దూదిలోంచి దారం పుట్టుకు రావడం చూసి ఆమె గుడ్లప్పగించేది. గోడకు వేలాడే పటంలో సముద్రాల నీలిరంగు మీద వేలు పెట్టి, ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఈ భూమి మా ఊరి దగ్గర ఇంత పిసినారితనం ఎందుకు చూపిందని ఆశ్చర్యపోయేది.

పంతొమ్మిది వందల యాభై అయిదు జూన్ వచ్చింది. తొలకరి ముంగారు వాన జాడ లేదు. అంటరానితనం నేరమని దేశమంతటికీ చట్టం అమలైన నెల అది. ఆ చట్టం ఆ ఊరి పొలిమేర దాకా వచ్చి ఎండకు సొమ్మసిల్లినట్టుంది, ఊళ్ళోకి మాత్రం రాలేదు. అదే నెల అమావాస్య నాడు పొద్దున్నే సూర్యగ్రహణమని పంచాంగం చెప్పింది. సింహళంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడని, పట్టపగలే చుక్కలు కనిపిస్తాయని సోమప్ప సారు పత్రికలో చదివి వినిపించాడు. పిల్లలకు రెండు రోజులు అదే ధ్యాస.

బడి మూసేయమన్నారు పెద్దలు. రాదలుచుకున్న పిల్లలు రావచ్చని సారు ఊరుకున్నాడు. పగిలిన లాంతరు గాజులకు మసి పట్టించి గ్రహణం చూడడానికి సిద్ధం చేశాడు.

నీళ్ళ సంగతి వచ్చింది. గ్రహణం పట్టిన నీళ్ళు మైలపడతాయి, పారబోయాలి. నీళ్ళున్న సీమలో అయితే పారబోస్తారు. మన కరువు సీమ దానికొక దారి కనిపెట్టుకుంది. పట్టడానికి ముందు ఒక గరికపోచ వేస్తే చాలు, మైల అంటదు. బయమ్మ తమ బావి కాలువ గట్టున పెరిగిన పచ్చగరిక తెచ్చి, ఒక్కో బానలో ఒక్కో పోచ వేసింది.

"ఏంటికి బయమ్మా ఆ గరిక?" అని దూరం నుంచే అడిగింది మారెమ్మ.

"మైల అంటకుండా. మా ముసిలి జేజి ఇచ్చి పంపించె."

"ఒక్క పోచకే పోతాదా?"

"పోకుంటే ఎట్ల మే? ఇన్ని నీళ్ళు పారబోసేకి మనకు ఏటి గట్టున ఉండాదా బడి?"

అంతలో గ్రహణం పట్టింది. మసి గాజులోంచి చూస్తే ఎవరో కొరికిన రొట్టెలా ఉన్నాడు సూర్యుడు. మెల్లగా ఎండ రంగు మారింది. ఎండ ఉంది, వేడి లేదు. కొండ మీది బండలు బూడిద పూసుకున్నట్టయ్యాయి. కాకులు ఒక్కసారిగా అరుస్తూ వేపచెట్టులోకి వచ్చి పడి గమ్మున అయిపోయాయి. మేకలు మేత వదిలి ఒకదాన్నొకటి ఒరుసుకొని నిలబడ్డాయి. గాలి నిలిచిపోయింది. ఊరంతా తలుపులు మూసుకొని ఉంది. ఎక్కడో ఒక ఇంట్లోంచి పాట లాంటి ఏడుపు, ఏడుపు లాంటి పాట వినిపించింది.

అప్పుడు మారెమ్మ నేల చూసింది.

ఆమె రోజూ నిలబడే ఆ వేపనీడలో, ఇసుక మీద, వందల నెలవంకలు. చిన్న చిన్న వెలుగు నెలవంకలు, అన్నీ ఒకే వైపుకు తిరిగి, కొమ్మల్లో కాకులు మెదిలి ఆకులు కదిలినప్పుడల్లా అన్నీ కలిసి కదులుతూ. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. చొక్కాల మీద నెలవంకలు, జడల మీద నెలవంకలు, సోమప్ప సారు నెరిసిన తల మీద నెలవంకలు.

"ఇన్ని చాందులొచ్చె సార్," అన్నాడు ఖాదర్‌వలి గుసగుసగా, "ఎన్ని పండగలు చేసుకోల్లో."

ఆకుల మధ్య ప్రతి సందులోంచీ సూర్యుడి బొమ్మ దిగుతుందని సారు చెప్పాడు. ఎంత చిన్న సందైనా సగం బొమ్మ దించదట, ఉన్నది ఉన్నట్టు మొత్తం దించుతుందట. చదివి తెలుసుకున్నది కళ్ళారా చూడడం ఆయనకూ అదే మొదలు.

మారెమ్మ రెండు చేతులూ ముందుకు చాచి దోసిలి పట్టింది. ఎవరూ ఎత్తు నుంచి పోయకుండానే అది వెలుగుతో నిండిపోయింది.

గ్రహణం విడిచింది. కాకులకు మళ్ళీ తెల్లారింది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టని పిల్లలు బానల దగ్గర వరుస కట్టారు. తలంటుకొని తడి తువ్వాలు భుజాన వేసుకొని బయ్యన్న కూడా వచ్చాడు, కూతుర్ని ఇంటికి తీసుకుపోదామని. బయమ్మ ఒక్కో బానలోంచి గరికపోచ తీసి పారేసింది. ఇక నీళ్ళు శుద్ధం.

మారెమ్మ చెట్టు కింది నుంచి కదిలి వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోందని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎవరినీ నిలదీయడానికి రాలేదు ఆ పిల్ల. ఎన్నాళ్ళుగానో ముదిరిన జబ్బుకు ఇంటి వెనకే మందు దొరికినట్టు, ఆ సంతోషంతో వచ్చింది.

"సార్, సూర్యునికే పట్టిన మైల గరికపోచతో పోయింది కదా. నేను ముట్టినా మైలే అంటారు. అయితే ఒక పోచ బానలోనే ఉండనీండి సార్. నేనే పోస్తా."

వరుస వరుసంతా బయ్యన్న వైపు తిరిగింది.

"ఏమప్పా సోమప్పా, ఇదేనా నువ్వు చెప్పే చదువు?" అన్నాడు బయ్యన్న. తర్వాత పిల్ల వైపు తిరిగి, కాస్త మెత్తగానే, "గరిక గ్రహణానికి పిల్లా. నీకు కాదు."

"ఏంటికి కాదు సామీ?"

బయ్యన్న తడి తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. ఆకాశంలో అంత పెద్ద సూర్యుడి మైల కడిగిన గడ్డిపోచ ఒక పన్నెండేళ్ళ పిల్ల చేతిని ఎందుకు కడగలేదో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా ఎవరినీ అడగలేదు. "కాదంటే కాదు" అన్నాడు చివరికి.

అప్పుడు బయమ్మ వంగింది. పారేసిన గరికపోచ తీసి, దుమ్ము దులిపి, బానలో వేసింది. చెంబు మారెమ్మ వైపు చాచింది.

"పట్టు మే. ఏడాది నుంచి పోసి పోసి నా చెయ్యి పడిపోతాంది."

మారెమ్మ చెంబు అందుకుంది. బానలో ముంచింది. మణికట్టు దాకా చల్లదనం పాకింది. ఇంత చల్లగా ఉంటాయా ఇవి అనుకుంది. కానీ ముందుకు వచ్చి తాగేదెవరు? పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వరుస మొదటికి సోమప్ప సారు వచ్చి నిలబడ్డాడు. బండి ఆగిపోతుందని ఆయనకు తెలుసు. తన మీద అర్జీలు పోతాయని తెలుసు. ఏడాది కిందట ఇవన్నీ తెలిసే తల వంచుకున్న మనిషి, ఇప్పుడు దోసిలి పట్టడానికి వంగాడు. మారెమ్మ పోసింది. ఒక్క చుక్క కింద పడకుండా, దగ్గర నుంచి పోసింది. ఆయన వెనక ఖాదర్‌వలి, ఆ వెనక తండా పిల్లలు, ఆ తర్వాత ఇంకొందరు. కొందరు దాహంతోనే ఇళ్ళకు పోయారు. ఆ మాట దాచడమెందుకు.

బయ్యన్న కూతురి రెక్క పట్టుకొని పోయాడు. మరునాడు బండి రాలేదు. బయమ్మా రాలేదు. మళ్ళీ ఎప్పటికీ ఆమెను బడికి పంపలేదు. మారెమ్మకు చెంబు వచ్చింది, బయమ్మకు పలక పోయింది. గెలిచామని చెప్పుకొనేటప్పుడు ఈ రెండో మాట మింగేయడం మనకు బాగా అలవాటు.

ఎండిన బానల ముందు సారు పిల్లలను కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు, నీళ్ళు లేవు, దారి నాకూ తోచడం లేదని. మారెమ్మ లేచింది. మావాళ్ళు వంకలో చెలమ తీసి తాగుతారు సార్, బడికీ ఒకటి తీద్దాం అంది. బడి బడంతా చిప్పలూ పళ్ళేలూ పట్టుకొని ఆమె వెనక ఎండిన వంకలోకి నడిచింది. ఆమె చూపించిన చోట ఇసుక తవ్వారు. పైన కాలే ఇసుక, కింద గోరువెచ్చని ఇసుక, ఇంకా కింద చెమ్మ. కన్నడం పిల్లల చేతులు, సాయిబుల పిల్లల చేతులు, లంబాడీ పిల్లల కడియాల చేతులు ఒకే గుంతలో ఆడాయి. అందరూ చేతులు తీసి ఊపిరి బిగబట్టి చూశారు. గుంత అడుగున ఇసుక నల్లబడింది, మెరిసింది, నాలుగు వైపుల నుంచీ నీళ్ళు చప్పుడు లేకుండా నడిచొచ్చాయి. వాన పడని భూమి కడుపులో ఇన్నాళ్ళూ ఎవరికోసం దాగి ఉన్నాయో అవి. బురద నీళ్ళు తోడి పోశాక తేటవి ఊరాయి. గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చొని మంత్రి అందరికీ ముంచి పోసింది. ఆలస్యంగా వాన వచ్చేదాకా బడి ఆ చెలమనే తాగింది. దాహంతో ఇళ్ళకు పోయిన పిల్లల్లో చాలామంది వారం తిరక్కుండానే వచ్చి వరుసలో నిలబడ్డారు.

మారెమ్మ ఎనిమిది పాసై, అనంతపురంలో హాస్టల్లో ఉండి చదివి, టీచరు ట్రైనింగు అయింది. ఆ తర్వాత తనకల్లు దగ్గర ఒక బడిలో టీచరుగా చేరింది. చేరిన మొదటి రోజు మధ్యాహ్నం గంట కొట్టాక ఆమె బయటికి వస్తే, వరుస చివర ఒక పిల్ల దోసిలి పట్టుకొని నిలబడి ఉంది. ఎత్తు నుంచి నీళ్ళు పడుతున్నాయి. ఏళ్ళు గడిచాయి, చట్టం గడిచింది, దోసిలి మాత్రం అలాగే ఉంది. ఆమె పోయి ఆ పిల్ల చేతికి చెంబు ఇచ్చింది. పక్క ఊరి బడిలో ఎవరిచ్చారు? ఆ పక్క ఊర్లో? "నేనొక్కదాన్ని ఎన్ని బానల కాడ నిలబడేదన్నా?" అని అడుగుతుంది మారెమ్మ టీచరు.

ఆ ప్రశ్న మనదే. కాబట్టి చదివి ఊరుకోకండి. రేపే మీ ఊరి బడికి పోండి. నీళ్ళ గంట వేళకు పోండి. చెంబు ఎవరి చేతిలో ఉందో, చివర ఎవరు నిలబడ్డారో చూడండి. చివరి బిడ్డను పేరు పెట్టి పిలిచి, చెంబు చేతికిచ్చి, నలుగురూ చూస్తుండగా మొదటి దోసిలి మీరు పట్టండి. మీ బిడ్డ చేత రెండో దోసిలి పట్టించండి. ఎవరైనా అడ్డం వస్తే, ఎందుకు కాదో చెప్పమని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.