రక్తం కనబడితే సత్యవ్వ తిట్టేది

మెట్‌పల్లిలో ఎవరికైనా దెబ్బ తగిలితే నలుగురూ అయ్యో అంటారు. మా పక్క షాపు టైలర్ సత్యవ్వ మాత్రం తిడుతుంది. రక్తం ఎంత కారితే అంత తిడుతుంది.

మొన్న హమాలీ మల్లేశం వేలు తెగితే ఎవరో పిడికెడు పసుపు పట్టుకొచ్చారు. సత్యవ్వ శివాలెత్తింది. "పసుపు మార్కెట్ల అమ్ముకోపోండ్రి! గాయాన్ని కూర వండుతున్నరా?" అంటూ ఉతికిన కాటన్ గుడ్డ పెట్టి అదిమింది. కాఫీపొడి తెచ్చినవాడికైతే ఏడు తరాలకు సరిపడా తిట్లు పడ్డాయి.

నాకు ఒళ్లు మండేది. దెబ్బ తగిలినవాణ్ని ఓదార్చాల్సింది పోయి ఈ తిట్లేమిటి? మొహం మీదే అడిగేద్దామనుకుంటుండగా నా వంతే వచ్చింది.

నాది జిరాక్స్ షాపు. కౌంటర్ అద్దం పగిలి ముంజేయి చీలింది. రక్తం ధార కట్టింది. నేను కేక వేసేలోపే సత్యవ్వ వచ్చి పడింది.

"కండ్లున్నయారా కరుణాకర్? పండుకో! చెయ్యి మీదికి లేపు!" లోపల గాజు ముక్క లేదని చూసి, గుడ్డ మడతపెట్టి రెండు చేతులతో ఒత్తింది.

"నొస్తున్నదక్కా!"

"నొయ్యనీ! ఒత్తకుంటె ఆగుతదా?"

"ఒక్కసారి తీసి చూడు, ఆగిందేమో."

"సినిమానా చూసెతందుకు? పది నిమిషాలు తియ్యద్దు! తీస్తె మళ్ల కారుతది."

గుడ్డ తడిసింది. ఆమె దాన్ని తీయకుండా మీద ఇంకోటి వేసి అదిమింది. "నీ జిరాక్స్ సక్కగుండది, నీ అద్దం సక్కగుండది!"

నాకు రోషమొచ్చింది. "నువ్వు కుట్టిన జాకెట్లు మా రమకు ఏనాడన్న పట్టినయా?"

"నీ పెండ్లాం లావైతె తప్పు నాదా?"

ఈ గొడవలో 108 ఎప్పుడొచ్చిందో తెలియలేదు. ఆసుపత్రిలో ఎనిమిది కుట్లు పడ్డాయి. "గట్టిగ ఒత్తిపట్టిన్రు కాబట్టి సరిపోయింది" అంది నర్సు మనీషా.

కట్టుతో, కోపంతో బయటికొచ్చాను. సత్యవ్వ బెంచీ మీద ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"దెబ్బ తగిలినోణ్ని గట్ల తిడతరా అక్కా?"

"రక్తం జూస్తె నాకు కండ్లు తిరుగుతయిరా. తిట్టుకుంట ఉంటెనె నిలబడత. నోరు ఆగిందా, పడిపోత."

"మరెందుకు ఉరికొస్తవు?"

"రాకుంటె ఎట్ల? గుడ్డలు నాకాడ ఉన్నయి గద."

అంతలో మనీషా నా రక్తపు గుడ్డలు పట్టుకుని అటుగా వెళ్లింది. సత్యవ్వ పక్కకు ఒరిగింది. దెబ్బ తగలని చేత్తో ఆమెను పట్టుకుని, నోటికొచ్చిన తిట్లు అందుకున్నాను. "కండ్లు తెరువు! బుద్ధున్నదా నీకు? కత్తెర పట్టుడు తప్ప ఏమొస్తది?"

ఆమె ఒక కన్ను తెరిచింది.

"గదేం తిట్టుడురా కరుణాకర్? ఇంకింత గట్టిగ తిట్టు."