పెద్దమ్మ తలలో నల్ల గుంత

అప్పట్లో, అంటే తొంభైల చివర్లో, షోలాపూర్‌లో మా కుంఠా నాకా వైపు "కంప్యూటర్ వచ్చు" అనడానికి కంప్యూటర్ రావలసిన అవసరం ఉండేది కాదు. దాన్ని ఒకసారి దగ్గర నుంచి చూసి, ఇంటికొచ్చి నాలుగు ఇంగ్లీషు మాటలు కలిపి చెప్పగలిగితే చాలు. మిగతాది మగ్గాల చప్పుడులో ఎవరికీ వినపడేది కాదు. నేను టైపింగ్ క్లాసులో ఓ మూలనున్న కంప్యూటర్ మీద మూడు నెలలు నా పేరూ మా నాయన పేరూ కొట్టి, సర్టిఫికెట్ పుచ్చుకుని, హోట్గి రోడ్‌లో కొత్తగా తెరిచిన స్కాన్ సెంటర్‌కి ఉద్యోగం అడగడానికి వెళ్లాను. (ఆ క్లాసు కంప్యూటర్‌కి మౌస్ లేదు. ఉండే ఉంటుంది, మాస్టారు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడేమో.) "మౌస్ వాడటం వచ్చా?" అని డాక్టరుగారు హిందీలో అడిగితే, "మస్తుగా వచ్చు సాబ్" అన్నాను. నా గొంతు వణకను కూడా లేదు.

లోపల మెషీన్ నడిపేది ఒక పెద్దాయన. మరాఠీ మనిషి, అందరం కాకా అనేవాళ్లం. ఆ మెషీన్ మనిషి తలని దోసకాయ చక్రాలు కోసినట్టు బొమ్మలుగా పంపిస్తే, వాటిని తెర మీద డాక్టరుగారి కోసం సిద్ధం చేయడం నా పని. మౌస్‌కి మూడు మీటలు. ఎడమది నొక్కి జరిపితే ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి వెళ్తాం, మధ్యది వెలుగూ చీకటీ మారుస్తుంది, కుడిది బొమ్మని పెద్దదీ చిన్నదీ చేస్తుంది. డాక్టరుగారు ఒక్కసారే చూపించారు, నేను మూడింటికీ మూడుసార్లు తలూపాను. ఆయన అటు వెళ్లగానే మౌస్‌ని జరిపి జరిపి బల్ల అంచుకు చేర్చి, బాణం గుర్తు ఇంకా తెర మధ్యలోనే ఉండటం చూసి, "కాకా, టేబుల్ అయిపోయింది, ఇంకో టేబుల్ ఉందా?" అని అడిగాను. కాకా చాలాసేపు నవ్వి, "ఎత్తి మళ్లీ ఇటు పెట్టు బాబా" అన్నాడు.

రెండో వారంలో మా పెద్దమ్మ వచ్చింది. అమ్మకు అక్క, మాకు రెండిళ్ల అవతలే ఉండేది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. నెలల తరబడి తలనొప్పి. "నా డోకం పలిగిపోతుందిరా" అనేది. (డోకం అంటే మరాఠీలో తల, మా వాళ్లకి నొప్పి ఎక్కువైతే మరాఠీ వచ్చేస్తుంది.) తలలో గడ్డ ఉందేమోనని ఆవిడ భయం. "నువ్వేం ఫికర్ చెయ్యకు, బొమ్మ నేనే చూస్త" అని వాడ వాడంతా వినేలా చెప్పాను.

స్కాన్ అయ్యేసరికి డాక్టరుగారు వేరే ఆసుపత్రికి వెళ్లి ఉన్నారు. ఊరుకోవచ్చు కదా! పెద్దమ్మని బయట కూర్చోబెట్టి, ఆవిడ భర్త పెద్దబాపుని లోపలికి తీసుకొచ్చి తెర ముందు నిలబెట్టాను.

"ఏమన్న కనవడ్తుందారా?" అన్నాడు ఆయన గుసగుసగా.

"ఆగు పెద్దబాపు, పెద్దగ చేసి చూపెడ్త."

మధ్య మీట నొక్కి లాగాను. తెర సగం చీకటైంది. కంగారులో కుడి మీట నొక్కి పైకి తోశాను. మెదడు మధ్యలో ఒక నల్లటి గుంత. మొదట చింతగింజంత, తర్వాత సాసరంత, ఆ తర్వాత అన్నం పళ్లెమంత. వెనక్కి లాగుదామంటే ఏ మీటో గుర్తు రాలేదు.

"గింత పెద్ద గుంతనా?" అన్నాడు పెద్దబాపు.

"డాక్టర్ సాబ్ వచ్చినంక..." అన్నాను గానీ, నా గొంతు ఈసారి బాగా వణికింది. ఆయనకి ఆ వణుకే సరిపోయింది. బయటికి వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చుని, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి నలుగురి ముందూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి వట్టుకున్నవంటే... నేను వోతున్ననా ఏంది?" అంది పెద్దమ్మ. ఆయన ఏడ్చేశాడు.

వాళ్లిద్దరూ ఇంటికి వెళ్లిపోయాక, సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. నా మొహం చూసి, తెర చూసి, రెండు వేళ్లు కదిపేసరికి పళ్లెమంత గుంత మళ్లీ చింతగింజంత అయింది. అన్ని బొమ్మలూ చూసి "సబ్ ఠీక్ హై" అన్నారు.

"మరి ఆ నల్ల గుంత సాబ్?"

"అందరి తలలోనూ ఉంటుంది. నీళ్లుండే చోటు." అప్పుడు జరిగినదంతా చెప్పాను. ఆయన "నీ తలలో నీళ్లు కొంచెం ఎక్కువే ఉన్నట్టున్నాయి. ఆవిడకి ముందు కళ్లు చూపించమను. వెళ్లి నువ్వే చెప్పు, ఇప్పుడే" అన్నారు.

సైకిల్ తొక్కుకుంటూ వాడలోకి వచ్చేసరికి మా సందులో ఒక్క చాటలోనూ బీడీ ఆకు కదలడం లేదు. ఆడవాళ్లందరూ పెద్దమ్మ చుట్టూ చేరి ముక్కులు చీదుతున్నారు. పెద్దమ్మ మాత్రం గోడకానుకుని, ఎవరికి ఏ గిన్నె ఇవ్వాలో నెమ్మదిగా చెబుతోంది. ఎర్రంచు పట్టుచీర అప్పటికే మా అమ్మ ఒళ్లోకి వచ్చేసింది. "నాకొద్దక్కా" అని ఏడుస్తూనే అమ్మ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

నేను తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే నేను సస్తలేనా?" అంది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా. కండ్లద్దాలు గావాలె గంతే. తప్పు నాదే."

ఆవిడ మా అమ్మ వైపు తిరిగి చెయ్యి చాపింది. "చీర ఇటు తే."

ఆ తర్వాత నెల్లాళ్లు సందులో పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా నన్ను "గుంత డాక్టర్" అనే పిలిచారు. కాకా మాత్రం జాలిపడి, మధ్యాహ్నాలు పాత బొమ్మలు పెట్టి మూడు మీటలూ నా వేళ్లకి అలవాటు చేయించాడు.

పెద్దమ్మకి అద్దాలొచ్చిన రోజు భయపడుతూనే చూడటానికి వెళ్లాను. తలనొప్పి తగ్గిందట. తిడుతుందనుకున్నాను. ఆవిడ చుడుతున్న బీడీ పక్కన పెట్టి, నన్ను కిందినుంచి పైదాకా తేరిపార చూసి, "ఏందిరా, గింత బక్కగున్నవు? ఇన్నొద్దులు మంచిగనే ఉన్నవనుకున్న" అని లోపలికి వెళ్లి, జొన్నరొట్టెలు రెండు, పల్లీల పొడి వేసి తెచ్చి ముందు పెట్టింది. తినేదాకా లేవనివ్వలేదు.

ఇప్పుడు నన్నెవరూ అలా చూడరు, బక్కగా ఉన్నావనరు. అనాల్సిన అవసరమూ లేదనుకోండి, నా పొట్ట చూస్తే. అయినా అప్పుడప్పుడు ఎవరైనా అంటే బాగుండుననిపిస్తుంది.